ముందు సముద్రం, తర్వాత బాలమ్మ

నలభై రెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అలవాటైన బరువు తెలియదంటారేమో. తెలుస్తుంది. మెదక్‌లో ఎవరైనా నన్ను మంచి మనిషి అన్నప్పుడు మరీ తెలుస్తుంది. నా పేరు చెప్పను. మీరు కూర్చొని వినండి, అది చాలు.

మిలటరీ వచ్చి రజాకార్ల ఆగడం అణిగిన కొత్తలో నేను మిషన్ దవాఖానలో వ్యాన్ నడిపేవాణ్ణి. ఇరవై రెండేళ్లవాణ్ణి. మా వార్డులో కాలు విరిగిన లచ్చయ్య అనే అతను ఉండేవాడు. టేక్మాల్ దగ్గరి పల్లె. రజాకార్లతో కొట్లాడే సంఘం వాళ్లకు అన్నం పెట్టాడని నిజాం పోలీసులు పట్టుకుపోయి, జైల్లో కాలు విరగ్గొట్టారు. అతని భార్య బాలమ్మ ఊరివాళ్లతో కలిసి బెజవాడ శిబిరానికి పారిపోయింది. ఆమె పెంచిన కుక్క మోతీ మాత్రం లచ్చయ్యను తీసుకెళ్లిన బండి వెంట పరుగెత్తి జైలు గేటు దగ్గరే పడి ఉండి, ఇప్పుడు దవాఖాన వరండాకు మారింది.

ఆ రోజుల్లోనే మందుల పెట్టెలు తెమ్మని నన్ను బెజవాడకు పంపారు. లచ్చయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "కాయిదం ఎవలైనా రాస్తరు తమ్మీ. నేను సచ్చిన్నని ఆమెకు ఎవలో చెప్పిన్రట. మోతీని తీస్కపో. అది నా ఎంబడి వచ్చిందని ఆమెకు ఎర్కే. దాన్ని చూస్తే నమ్ముతది." బాలమ్మను నా వ్యాన్‌లోనే తీసుకురమ్మన్నాడు. సరేనన్నాను. నిజంగానే అన్నాను.

బెజవాడలో పెట్టెలు ఇంకా రాలేదు, పది రోజులు పడుతుందన్నారు. శిబిరం అక్కడికి రెండు మైళ్లు. కానీ ఎవరో బందరు రోడ్డు చూపించి, అటు పోతే సముద్రమన్నారు. నేను అంతవరకు సముద్రం చూడలేదు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ముందు శిబిరానికి పోతే బాలమ్మ బండెక్కి కూర్చుంటుంది. పరాయి ఆడమనిషిని వెంటేసుకొని సముద్రానికి ఎలా పోతాను? అందుకే ముందు సముద్రం, తర్వాత బాలమ్మ. ఇన్నాళ్లు ఆగిన మనిషి ఇంకో రోజు ఆగలేదా?

ఒక రోజే అనుకున్నాను. ఎనిమిది రోజులైంది.

ఎందుకైందని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. వ్యాన్‌లో మా పాస్టర్లు పల్లెల్లో ప్రచారానికి వాడే డేరా ఉంది, వంటగిన్నె ఉంది. ఒడ్డు పట్టుకొని ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు పోతూ, సరుగుడు చెట్ల పక్కన డేరా వేసుకొని, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, వచ్చినవి ఎక్కడికి పోతున్నాయో చూస్తూ కూర్చునేవాణ్ణి. చేపలమ్మే ఆమెను అడిగితే పడీపడీ నవ్వి, మోతీకి ఒక చేప పడేసింది. మోతీ మొదటి రోజు సముద్రాన్ని గటగటా తాగి కక్కుకుంది. మర్నాడు మళ్లీ పోయి నాకి చూసింది. నేనూ చూశాను, రుచి ఏమైనా మారిందేమోనని. ఎండ్రకాయ బొరియలోకి దూరితే మోతీ నా మొహం వంక చూసేది, ఎటుపోయిందో నాకు తెలుసన్నట్టు. మా ఇద్దరికీ ఏమీ తెలియదు. అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ లేను. అది చెప్పడానికే సిగ్గుగా ఉంది.

తొమ్మిదో రోజు శిబిరానికి పోయాను. సగం గుడిసెలు పీకేస్తున్నారు. మోతీ తాడు తెంపుకొని పరుగెత్తి, ఒక మూల మూడు రాళ్ల పొయ్యి దగ్గర ఆగి, బూడిద వాసన చూసి, చుట్టూ తిరిగి తిరిగి అక్కడే కూర్చుంది. పక్కన మూట కట్టుకుంటున్న వాళ్ల ఊరి ముసలామె దాన్ని చూసి నోరు నొక్కుకుంది. బాలమ్మ మూడు రోజుల కిందటే వెళ్లిపోయిందట. మొగుడు పోయాడు, ఇక ఊళ్లో ఎవరున్నారని, పని చూపిస్తామన్న వాళ్లతో మద్రాసు వైపు రైలెక్కిందట. ఏ ఊరో ముసలామెకు తెలియదు.

మూడు రోజులు. అప్పుడు నేను ఎండ్రకాయలను చూస్తున్నాను.

పెట్టెలు వేసుకొని మెదక్ వచ్చాను. దారి పొడుగునా నిజమే చెప్పాలనుకున్నాను. తూప్రాన్ దాటాక కూడా అనుకున్నాను. లచ్చయ్య మంచం మీద లేచి కూర్చొని, నా వెనక ఎవరూ లేరని చూసి, అడిగాడు.

"దిగంగనే పోయినవా తమ్మీ?"

"దిగంగనే పోయిన అన్నా. అప్పటికే ఎల్లిపోయింది."

అతను మోతీ తల నిమురుతున్నాడు. "దీని చెవులల్ల గింత ఇసుకేంది?"

"కృష్ణ ఒడ్డుకు పొర్లింది."

"గంత దూరం పోయినవ్, గదే ఎక్కువ. నీ తప్పేముంది," అన్నాడు.

ఆ మాట అనకపోయి ఉంటే చెప్పేవాణ్ణా? ఏమో. చెప్పేవాణ్ణి కాదనే అనుకుంటున్నాను. కాలు కట్టు విప్పాక లచ్చయ్య కుంటుకుంటూ రెండుసార్లు మద్రాసు పోయి వచ్చాడు. దొరకలేదు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఎక్కడ కనబడ్డా తమ్మీ అని పిలిచి బీడీ ఇచ్చేవాడు. నేను తీసుకునేవాణ్ణి. పోయిన చలికాలంలో చనిపోతే పాడె మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడైనా చెప్పలేదు. వినేవాడు లేడని కాదు, చుట్టూ వినేవాళ్లున్నారని.

ఇంకొకటి. ఆ ఎనిమిది రోజుల్లో బాలమ్మ నాకు గుర్తుకొస్తూనే ఉంది. మరిచిపోయానంటే కొంత నయంగా ఉండేది. రోజూ పొద్దున్నే గుర్తొచ్చేది, రేపు పోదాంలే అనుకునేవాణ్ణి.

మా మనవరాలు బడిలో ఏదో పాఠం చదివి వచ్చి, తాతా, నువ్వు సముద్రం చూశావా అని అడిగింది. పెళ్లినాడు నా భార్యకు ఏం చెప్పానో, పిల్లలకు ఏం చెప్పానో, దానికీ అదే చెప్పాను, చూడలేదని. ఇంట్లో అందరూ నన్ను పాపం అనుకుంటారు. ఈ ఎండాకాలం చందాలేసుకొని నన్ను తీసుకుపోతారట.

నేను చూశాను. ఎనిమిది రోజులు చూశాను.