సుందరరాజు పలక మీద ముద్దాయిలు

సుందరరాజు చేతులు ముందు ఎక్కడో ఒకచోట గీకుతాయి, తర్వాతే నమస్కారం పెడతాయి. రంగనాయకులు గారి వ్యాను వచ్చి ఆగిందో లేదో, చొక్కా జేబులోంచి గరుకు ఎమరీ పేపరు ముక్క తీసి ఇంజన్ పక్కనున్న బోల్టును రుద్దడం మొదలుపెట్టాడు. బండికేమైందో ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మడు. ఆయనకు లోకంలో దేని మీదా నమ్మకం లేదు. ఎర్త్ వైరు మీద అసలే లేదు.

మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద బండ్ల వైరింగు పనులు చేసే ఆయన షెడ్డు, పక్కనే నా బ్యాటరీల దుకాణం. ఇద్దరం షాకులు తిని పని నేర్చుకున్నవాళ్లమే. "కరెంటు పోయే దారి అందరూ చూస్తారు బావా, తిరిగొచ్చే ఎర్త్ దారి ఎవడూ చూడడు" అని రోజుకు నాలుగుసార్లు అంటాడు. పదహారేళ్లుగా వింటున్నాను.

బండి ఏదైనా సరే, పలకలకు పేరుపడ్డ మా ఊరి పలక ఒకటి తీసి బలపంతో ముద్దాయిల పేర్లు రాస్తాడు. ఒక్కొక్కటి పరీక్షకు నిలబడితే ఆ పేరు వేలితో చెరిపేస్తాడు. మొదటి పేరు ఎప్పుడూ బ్యాటరీ. అంటే నేను. రెండోది ఓనరు.

"నేనేం చేసినా సామీ?" అని ఓనర్లు అడుగుతారు.

"ఏమో, ఇంకా తేలలేదు."

ఇంట్లోనూ అంతే. ఒకరోజు వాళ్లావిడ కోటిరత్నం తలనొప్పిగా ఉందంటే, "ఎప్పట్నుంచి? ఏది ఆన్ చేస్తే మొదలైనాది?" అని అడిగాడట.

"నువ్వు ఇంట్లోకొస్తే మొదలైనాది."

ఆయన గంభీరంగా తలూపి, చెప్పులేసుకొని బయటికెళ్లి, అయిదు నిమిషాలు వీధిలో నిలబడి తిరిగొచ్చాడు. "ఇప్పుడెట్లుంది?"

గిద్దలూరులో మా అన్న కూతురి పెళ్లిలో మైకు గుయ్యిమంటుంటే, విస్తట్లో పప్పు వదిలేసి స్టేజీ కిందికి దూరాడు. దొంగ దూరాడనుకొని పెళ్లికొడుకు తరఫువాళ్లు ఇద్దరు కాళ్లు పట్టి బయటికి లాగబోయారు. అప్పటికే మైకు గుయ్యిమనడం ఆగిపోయింది. "కాళ్లొదలండయ్యా, ఇంకో స్క్రూ ఉంది" అని లోపల్నుంచి కేకలు.

ఇక వ్యాను సంగతి. రంగనాయకులు గారు కిరాణా హోల్‌సేలు వ్యాపారి. పెట్రోలు వ్యానుకు బయట ఎక్కడో గ్యాసు కిట్టు పెట్టించాడు. అందులో అరచేతంత కంప్యూటరు ఉంటుంది. సన్నటి వైర్లలో వచ్చే చిన్న చిన్న కబుర్లు విని అది ఇంజన్‌కు గ్యాసు పంచుతుంది.

"లైటేస్తే చాలు, ఎక్కిళ్లు పెట్టి ఆగిపోతాది" అన్నాడాయన, వ్యాను వెనకే వచ్చి, స్కూటరు దిగకుండానే. "మొన్న పెద్దారవీడు కాడ నడిరోడ్డు మీద ఆగినాది. వెనకాల లారీ. కొద్దిలో తప్పింది. వైర్లల్లో ఎవరో చెయ్యి పెట్టినారు రాజూ. ఎవడో తేల్చు. ఈ ఆదెయ్యే అయితే ఈ పొద్దే తాళంచెవి లాక్కుంటా."

డ్రైవరు ఆదెయ్య తువ్వాలు నలుపుకుంటూ నిలబడ్డాడు. నల్లమల అంచున వాళ్ల గూడెంలో మొట్టమొదటి డ్రైవరు అతనే. ఆ తాళంచెవి పోతే మళ్లీ అడవిలో తేనె, చింతపండు ఏరుకోవడమే.

"ఎప్పట్నుంచి?"

"దసరా అయినకాడి నుంచి" అన్నాడు ఆదెయ్య.

"ఏది ఆన్ చేస్తే?"

"లైటు. ఇంకా రేడియేటరు ఫ్యాను."

పలక మీద పేర్లు పడ్డాయి: బ్యాటరీ, ఓనరు, లైటు, ఫ్యాను, ప్లగ్గు వైర్లు, కంప్యూటరు, ఆదెయ్య.

"నా పేరెందుకయ్యా?" అని రంగనాయకులు గారు మండిపడ్డాడు.

"నాకెవరూ చుట్టాలు కారు" అన్నాడు సుందరరాజు. అది నిజమే. ఒకసారి సొంత బామ్మర్ది తప్పు చేస్తే, కస్టమర్లందరి ముందూ పలక ఎత్తి చూపిన మనిషి. సాయంత్రం వస్తానని చెప్పి ఓనరు వెళ్లిపోయాడు.

నా బ్యాటరీని రెండుసార్లు అనుమానించి వదిలేశాడు. కంప్యూటరు వైర్లనూ నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు వైర్లనూ కలిపి ఒకే కట్టగా కట్టి ఉండడం చూసి, "గుసగుసలాడేవాడి పక్కన డప్పు కొట్టేవాణ్ణి కూర్చోబెట్టినారు" అంటూ వాటిని జానెడు దూరం జరిపాడు. ఎక్కిళ్లు తగ్గాయిగాని పోలేదు.

మీటరు ఒక కాలు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ మీద పెట్టి లైట్లూ ఫ్యానూ వేయించాడు. సున్నా దగ్గర ఉండాల్సిన ముల్లు ఒక వోల్టు దాటింది. "చూడు బావా. కరెంటు ఇంటికి పోలేక కంప్యూటరు వైర్లల్లో పడి తిరగతాంది."

ఇంజన్‌నూ బాడీనీ కలిపే ఎర్త్ పట్టీ విప్పాడు. దాని కింద తళతళలాడుతూ వెండి రంగు. ఒక్క అక్కడే కాదు, ఇంజన్ గదిలో ప్రతి బోల్టూ మెరుస్తోంది. రంగు మీద బిగించిన పట్టీ కరెంటుకు పనికిరాదు.

పలక మీద ఓనరూ ఆదెయ్యా మిగిలారు.

"రంగు ఎవరేసినారు?"

ఆదెయ్య ముందుకొచ్చాడు. "నేనే అన్నా. ఆయుధపూజకు బండి కళగా ఉండాలని... పట్టీ కింద గూడా తుప్పు పట్టకూడదని ఊడదీసి ఏసినా."

"ఎన్ని కోట్లు?"

"రెండు."

సుందరరాజు వంగి, టార్చి వేసి, చాలాసేపు చూశాడు. "పక్కకు ఒక్క చుక్క జారలేదే" అని గొణిగాడు. పట్టీ కూర్చునే మేరకే ఇనుము కనబడేలా రంగు గీకి, ఇనుమును కరిచి పట్టే పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూశాడు. కంప్యూటరు ఎర్త్‌కు వేరే లావు వైరు నేరుగా బ్యాటరీ మైనస్ దాకా లాగాడు. ముల్లు సున్నా దగ్గర పడుకుంది.

సాయంత్రం రంగనాయకులు గారు స్కూటరు మీద దిగాడు. "తేలిందా? ఎవడు?"

సుందరరాజు పలక చేతికిచ్చాడు. పేర్లన్నీ చెరిపేసి ఉన్నాయి. ఒకటే మాట: తుప్పు.

"తుప్పా?"

"తుప్పే. వానకు పట్టినాది. దాన్ని పనిలోంచి తీసేసినా."

"ఇంజనంతా తళతళలాడతాంటే తుప్పేందయ్యా?"

"తళతళలాడే కాడే అనుమానించాల."

పదహారేళ్లలో ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అది. నేను నోరు తెరవబోయాను.

"బావా, నీ బ్యాటరీ ఇంకోసారి చూడమంటావా?"

మూసుకున్నాను.

లైట్లు, ఫ్యాను, హారను అన్నీ ఒకేసారి వేసి చూపించాడు. ఇంజన్ తొణకలేదు. "బండి ఇంటికి తే" అని ఆదెయ్యతో చెప్పి ఓనరు వెళ్లిపోయాడు.

అప్పుడు సుందరరాజు బల్ల కింది నుంచి ఇంకో పలక తీశాడు. దాని మీద ఇంజన్ బొమ్మ, ఎర్త్‌లు బిగించే చోట్ల మూడు సున్నాలు. "వచ్చే దసరాకు ఈ మూడు చోట్ల రంగెయ్యొద్దు. మిగతాదంతా ఇట్లనే ఎయ్యి. ఆ బ్రష్షుతోనే నా షట్టరుకూ రెండు కోట్లు ఎయ్యాల, చుక్క జారకుండా."

"అట్లనే అన్నా" అని ఆదెయ్య పలకను వ్యాను ముందద్దం దగ్గర నిలబెట్టుకున్నాడు. సుందరరాజు తాళంచెవిని ఎమరీ పేపరుతో ఓసారి రుద్ది అతని చేతిలో పెట్టాడు.