అలివేలమ్మ బిందె మీద ఖాళీ చోటు

రాయచూరు తీన్ కందిల్ దగ్గర, పాత బజారులోకి దిగే సందులో సుంకన్న అరుగు ఉండేది. ఇత్తడి, రాగి, వెండి ఏది తెచ్చినా ఉలితో పేరు చెక్కి ఇచ్చేవాడు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ అతని ఉలికి వచ్చు. చెక్కిన పేరును చెరపమంటే మాత్రం ససేమిరా ఒప్పుకునేవాడు కాదు.

ఒకసారి నేనక్కడ కూర్చుని ఉండగానే ఒకతను సంచిలోంచి రాగి చెంబు తీశాడు. మీదున్న పేరు గీకేసి తన పేరు వేయమన్నాడు.

"చెంబు నీదేనా?" అని అడిగాడు సుంకన్న.

"నాదే. అంటే, మా వదినెది."

"అట్లైతె మీ వదినెను తోల్కరా. ఆమెనే అడుగుదం."

అతను చెంబును సంచిలో వేసుకుని పోయాడు. "దొంగ సామానుకు మొదలు గీకుడు పనే పడ్తది సార్," అన్నాడు సుంకన్న. "మా నాయన చెప్పిండు. పేరు పడ్డంక గిన్నె ఆ పేరుది. మనం ముట్టొద్దు."

సుంకన్న నాకు తెలిసింది ప్లాంటు కాలనీలో. కృష్ణ ఒడ్డున కరెంటు ప్లాంటు లేచాక, ఉద్యోగాలకని వచ్చిన మాలాంటి తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. ఏటా చలికాలంలో చేతిపనుల ప్రదర్శన జరిగేది. సంఘం గ్రంథాలయం నేను చూసేవాణ్ణి. దాని వరండాలోనే సుంకన్నకు చాప వేసేవాళ్లం. బేరాలు చేయకూడదు, పని చేసి చూపించాలి, అంతే. అందుకని అతను ఇంటి బిందెనే తెచ్చుకునేవాడు. మట్మారి నుంచి కాపురానికి వచ్చినప్పుడు అతని భార్య అలివేలమ్మకు పుట్టింటివాళ్లు పెట్టిన పెద్ద ఇత్తడి బిందె అది.

ఆ బిందె మీద సుంకన్న మొదట అంచు చుట్టూ తీగ తిప్పాడు. మరుసటి ఏడు తీగకు చిలకలు వచ్చాయి. తర్వాత కృష్ణ, దాని మీద పుట్టి, పుట్టిలో వంగి గెడ వేసే మనిషి. ప్లాంటులో కొత్త పొగగొట్టం లేచినప్పుడల్లా బిందె మీదా ఒకటి లేచేది. పొగను ఎంత సన్నగా కొట్టాడంటే, దీపం దగ్గర తిప్పితే కదిలినట్టుండేది. చూడవచ్చిన పిల్లలు తమ క్వార్టరు ఎక్కడని వెతుక్కునేవాళ్లు. మెడ కింద అరచేయంత చోటు మాత్రం నున్నగా ఖాళీగా ఉండేది. అది అలివేలమ్మ పేరుకు.

ఆమె ప్రదర్శనకు అన్నం మూట పట్టుకుని వచ్చేది. వచ్చీ రాగానే ఆ చోటే చూసేది.

"నా పేరెప్పుడేస్తవయ్య? నేను పోయినంకనా?"

"పేరు ఆఖరున కొడ్తరే. పేరు పడితె పని ఐపోయినట్టే. మల్ల దాని మీద ఉలి పెట్టొద్దు."

"ఐపోనీ."

"ఐపోతె వచ్చే ఏడు ఈడ ఏం చూపియ్యాలె, నీ మొకమా?"

"నా మొకానికేమైంది? నీ పొగగొట్టాల కంటె నయమే ఉంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. ఒక ఏడు మాత్రం నవ్వలేదు. "ఊరందరి ఆడోళ్ల పేర్లు కొట్టినవు. ఇంట్లదానికే కరువు," అని, విప్పకుండానే మూట అక్కడ పెట్టి వెళ్లిపోయింది. సుంకన్న తల ఎత్తలేదు. చూపించడానికి ఉంచుకున్న పని పూర్తి కాకపోతేనే మేలని అతనికి ఎప్పుడు అనిపించడం మొదలైందో నాకు తెలియదు. అతనికీ తెలిసి ఉండదు.

ఆ మధ్యలో బజారులోకి కరెంటు పెన్నులు వచ్చాయి. గిన్నెల కొట్టువాడే జుయ్యిమని పేరు గీసి ఇచ్చేవాడు. ఏ పొగగొట్టాలను సుంకన్న అంత ముద్దుగా చెక్కాడో, వాటి కరెంటే అతని అరుగును ఖాళీ చేసింది. చివరికి అతనికి పనిమంతుడన్న మర్యాద మిగిలింది ఒక్క మా వరండాలోనే.

ఒక ఏడు ప్రదర్శన ముగింపు సభకు పైనుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. సంఘం కార్యదర్శి గురునాథ్‌ది కోస్తా. మనిషి చెడ్డవాడు కాదు, కంగారు ఎక్కువ. అతిథికి కప్పడానికి శాలువా తెచ్చాడు గాని, చేతికి ఇవ్వడానికి జ్ఞాపిక ఏమీ తేలేదు. వరండాలో బిందె అతని కంట పడింది. నదీ, పుట్టీ, పొగగొట్టాలూ అన్నీ దాని మీదే ఉన్నాయి.

సుంకన్నను అడగకముందే మైకులో చెప్పేశాడు. "మన ప్లాంటు చరిత్రంతా చెక్కిన ఈ బిందెను, మన సుంకన్నగారు అయ్యగారికి బహూకరిస్తున్నారు! రండి సుంకన్నగారూ, పైకి రండి. ఇదిగో ఇక్కడ చోటు కూడా వదిలిపెట్టారు. అయ్యగారి పేరు అందరి ముందూ చెక్కండి!"

సుంకన్నను అంతకుముందు ఎవరూ గారు అనలేదు. వేదిక ఎక్కాడు. ఆడవాళ్ల వరసలో అలివేలమ్మ సగం లేచి నిలబడింది. ఒక్క మాట, 'ఇది నా పెండ్లాంది' అంటే చాలు. నేను మెట్ల పక్కనే ఉన్నాను. అతను ఆమె వైపు చూడడం చూశాను. అప్పుడే చప్పట్లు మొదలయ్యాయి.

"కాస్త లోతుగా కొట్టవయ్యా, వెనకవాళ్లకి కనపడొద్దూ!" అన్నాడు గురునాథ్.

లోతుగానే కొట్టాడు. పేరు, కింద హోదా. ఎవరి పేరో ఇక్కడ రాయను. ఉలి దెబ్బలు మైకులో గణగణ మోగాయి. సుంకన్న ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు సుంకన్న, అధికారి తీసి తనకు కప్పిన శాలువాతోనే భార్య దగ్గరికి వెళ్లాడు.

"ఇంకో బిందెకు చేస్త తియ్యి, అలివేలూ."

"మా అమ్మ ఇంకో బిందె పెడ్తదా? సచ్చి ఎన్నొద్దులాయె."

బస్సు వచ్చింది. ఆమె ముందు సీట్లో, అతను వెనక సీట్లో కూర్చున్నారు.

అధికారి బిందెను తీసుకుపోనే లేదు. కారులో చోటు లేదన్నారట. అది ప్లాంటు అతిథి గృహం గుమ్మం పక్కన క్రోటన్ మొక్కకు కుండీ అయింది. కొన్నేళ్లకు విరిగిన కుర్చీలతో పాటు పాత సామానులో అమ్ముడుపోయింది. కొన్న యంకప్ప బజారు మనిషే. చిలకలు చూసి గుర్తుపట్టి, దాన్ని నెత్తిన పెట్టుకుని నేరుగా సుంకన్న ఇంటికి తెచ్చాడు.

"వైనీ, తగో. తీస్కో వదినె. మీ ఇంటి సామాను మీ ఇంటికే వచ్చింది," అన్నాడు.

అప్పటికి సుంకన్న అరుగు ఎత్తేశాడు. అలివేలమ్మ బిందెలోని మట్టి కడిగింది, చింతపండుతో తోమింది. తోమినకొద్దీ ఆ పేరు మెరిసింది. తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"గీకు. నా పేరెయ్యి."

"పడ్డ పేరు నేను గీక, అలివేలూ. నీకు ఎర్కనే గద."

"నా జాగ వానికిచ్చిన నాడు యాడ పోయింది నీ ఖాయిదా?"

అతను లేచి పనిముట్ల సంచి దింపాడట. జీవితంలో ఒక్కసారి, ఆ ఒక్క పేరు గీకాడు. లోతుగా కొట్టిన అక్షరాలు. అవి పోయేదాకా గీకితే అక్కడి రేకు తమలపాకులా పల్చబడింది. అలివేలమ్మ పేరులో మొదటి అక్షరానికి ఉలి పెట్టి కొట్టాడు. రెండో దెబ్బకే ఉలి అటు పక్కకు దిగిపోయింది.

ఆ చోట వేలు పట్టేంత బొక్క.

"అప్పుడు నువ్వేమన్నావమ్మా?" అని అడిగాను నేను. సుంకన్న పోయాక, వాళ్లింటికి పలకరించడానికి వెళ్లినప్పటి మాట ఇది.

"ఏమంట సార్. ఏడుస్తనేమో అని నా దిక్కు జూసిండు. నాకు నవ్వొచ్చింది. నా పేరు ఇంత పెద్దగ ఇంకెవ్వరు కొట్టలేరయ్య అన్న. మల్ల ఉలి పట్టలే. సంచి గూడ దింపలే."

బిందె ఆమె వంటింట్లోనే ఉంది. నీళ్లకు పనికి రాదు కనుక జొన్నలు పోసి, బొక్కలో గుడ్డ పేలిక దోపింది. మాట్లాడుతూనే బిందెను కాస్త వంచి, కింద చాట పెట్టి, పేలిక లాగింది. జొన్నలు సన్నధారగా జారాయి. రాత్రికి చాలనుకున్నాక బిందెను నిలబెట్టి, మళ్లీ పేలిక దోపింది.

"మూత తీసే పని లేదు సార్," అంది. "ఇన్నేండ్ల సంసారంల నా కోసం చేసిన పని ఇదొక్కటే. అక్కరకొస్తది."