అనూష పెండ్లి జాకెట్ మీద నెమళ్లు

మా అక్క బిడ్డ అనూష పెండ్లిల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో మీ దాకా ఇంకా రాలేదా? ఆశ్చర్యమే! కొత్తకోటల సగం మందికి తెలిసిపోయింది. రేపో మాపో ఎవరో ఒకరు నాలుగు మాటలు కలిపి మీకు చెప్పనే చెప్తరు. అంతకంటే నేనే చెప్త, కూసోండ్రి. చాయ్ తాగుకుంట వినుండ్రి.

నా పని మీకెరికే గదా, మగ్గం వర్క్. ముందటి అర్రల చెక్క ఫ్రేముకు జాకెట్ గుడ్డ బిగగట్టి, సూదితోని పూసలు, రాళ్లు, జరీ కుట్టుడు. పెండ్లయిన కొత్తల నేర్చుకున్న, ఇంక ఇడువలే. అందరి లెక్క ఫోన్ల డిజైన్ చూసి దింపుడు నాకు నచ్చది. పెన్సిల్ పట్టుకుంటే చాలు, తీగలు, పూలు, చిలుకలు వాటంతటవే వచ్చేటియి. "రేణుకక్క కుట్టిన జాకెట్ ఇంకొకరి ఒంటి మీద కనపడది" అనేటోళ్లు. నాకు గూడ జర గర్వం ఉండె, ఉన్నదున్నట్టు చెప్తున్న.

గసొంటిదాన్ని, కొన్ని నెలల సంది ఏమైందో ఏమో! పెన్సిల్ పట్టుకొని పేపర్ దిక్కు చూస్తే ఏం తోస్తలేదు. ఒక పువ్వు గీసేసరికి తలకాయ బరువు. ఇంకో పువ్వు గీసేసరికి ఆవులింతలు. కుట్టనీకి కూసుంటే నొసలు గుంజుడు, కండ్లెంబడి నీళ్లు. మనసు ఒక్క జాగల నిలబడదు. పక్కింటి కుక్కర్ విజిల్ కొట్టినా కోపమే, మా ఆయన తువ్వాల దులిపినా కోపమే. ఇంక నా పని అయిపోయింది, తలకాయల సరుకు ఒడిసింది అనుకున్న. మా అక్క ఫోన్ల విని, "నీకు దిష్టి తగిలిందే" అన్నది. ఎండు మిరపకాయలతోని దిష్టి తీయించుకున్న. ఇల్లంత ఘాటు లేచి ఇంకింత ఏడ్చిన గానీ, డిజైన్ మాత్రం రాలే.

మా ఆయనది మోటర్ వైండింగ్ దుకాణం. రోజంత సన్న వైరు చుట్టే మనిషి, ఎప్పటి సందో కండ్లద్దాలు పెట్టుకుంటడు. ఒకనాడు అన్నడు, "ఒకపారి కండ్లు చూపిచ్చుకోరాదె?"

నాకు మండింది. "నా కండ్లకేమైంది? గల్లీ చివరికెల్లి హైవే మీద పోయే బస్సు బోర్డు చదువుత! నీ లెక్క నాకేం వయసు మీద పడలే!"

ఆయన తువ్వాల భుజం మీద ఏసుకొని దుకాణంకు పోయిండు. ఆయన అట్ల లేచిపోతే నేనే గెలిచిన అనుకుంట ఎప్పుడు.

గప్పుడే అనూష పెండ్లి కుదిరింది. మా అక్కోళ్లది నారాయణపేట. ఊర్లనే నేసిన మెరూన్ రంగు పట్టుచీర, దాని మీదికి చిక్కటి ఆకుపచ్చ జాకెట్. పిల్ల ఫోన్ చేసి అన్నది, "చిన్నమ్మా, వీపు మీద రెండు నెమళ్లు కావాలె. ఎదురుబొదురు. ఎవరి దగ్గర లేనట్టు ఉండాలె. నువ్వే గీయాలె."

"గదెంత పని బిడ్డా!" అన్న. ఫోన్ పెట్టేసినంక గుర్తొచ్చింది, పువ్వే గీయొస్తలేదు, ఇంక నెమళ్లెట్ల గీస్తనని.

కూసున్న. గీసిన. చెరిపిన. మళ్ల గీసిన. చివరికి ఎట్లనో రెండు నెమళ్లు గీసి గుడ్డ మీదికి దింపిన. అసలు తిప్పలు కుట్టేకాడ మొదలైనయ్. ఆకుపచ్చ గుడ్డ మీద నీలం పూసలు ఎంత చూసినా ఆనుతలేవు. ఎనుకకు వంగి, చేతులు బారజాపి, లారీ స్టీరింగ్ పట్టుకున్నట్టు కూసొని కుట్టిన. తోక మీద సన్న సన్న కండ్లుంటయి గదా, రెండు కుట్టేసరికి తల తిరిగింది. "ఎందుకియ్యి, సింపుల్‌గ ఉంటేనే ఫ్యాషన్" అనుకొని ఇడిసిపెట్టిన. నెమలి మెడ గీత యాడ వంపు తిరిగిందో కనపడలే, జర పొట్టిగనే ముగించిన. నెత్తి మీది కుచ్చు సన్నగ, విడివిడిగ కుట్టాలె. నీలం పూసలతోని కాలే. ఎర్రరాళ్లు పెట్టి చూస్తే టక్కున కనపడ్డయ్! అరే, గిది మంచిగున్నదే, కొత్తగున్నదే అనుకొని ఎర్రరాళ్లే దగ్గర దగ్గర దట్టించిన. ముక్కు కింద గూడ ఎట్లనో ఒక ఎర్ర పూస జారి కుట్టుకపోయింది. నేను చూడలే.

గిప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తది. కండ్లు ఏది ఓపితే దాన్నే నేను డిజైన్ అనుకున్న.

టైలర్‌కు ఇచ్చేముందు ఒకపారి చూపిద్దామని గుడ్డ పట్టుకొని నారాయణపేట పోయినం, మా ఆయన, నేను. పెండ్లికి వారం గూడ లేదు. ఇంటినిండ చుట్టాలు. మా అక్క అందర్ని పిలిచింది, "మా రేణుక జాకెట్ తెచ్చింది, రాండ్రి రాండ్రి!" నేను గుడ్డను మంచం మీద పరిచి, చేతులు కట్టుకొని నిలబడ్డ. ఎవరు ముందుగల మెచ్చుకుంటరా అని చూస్తున్న.

అందరు చూసిండ్రు. ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.

మా అక్క అత్తమ్మ ఉన్నది, లచ్చవ్వ. పోయినేడు కండ్ల ఆపరేషన్ అయ్యింది, గిప్పుడు అన్ని మంచిగ కనిపిస్తయి ఆమెకు. గామె ముందుకు వంగి, వేలుతోని తడిమి చూసి అన్నది, "కోడిపుంజులు మంచిగున్నయ్ బిడ్డా! గిట్ల కొట్లాడుతున్నట్టు పెట్టినవేంది మరి, పెండ్లి జాకెట్ మీద?"

ఎవరో కిసుక్కుమన్నరు. మా బావ దగ్గుకుంట బయటికి పోయిండు. లోపల నవ్వుతున్నడని బయటికి పోయేటప్పుడు ఊగిన భుజాలు చూస్తేనే తెలిసింది.

"కోడిపుంజులేంది అవ్వా! నెమళ్లు గవి!" అన్న.

"నెమళ్లా?" అన్నది లచ్చవ్వ. ఇంకోపారి చూసింది. "ఏ దిక్కుకెల్లి చూడాలె?"

"తోక చూడు! మెడ చూడు! ఎవరన్న చెప్పుండ్రి, నెమళ్లు గాదా గవి?" గొంతు పెంచిన. మా ఆయన దిక్కు చూసిన. ఆయన పైకి చూసి ఫ్యాన్ ఎంత స్పీడుల తిరుగుతున్నదో చూస్తున్నడు.

అనూష మాత్రం నవ్వలే. మొఖం చిన్నగైంది. "మంచిగనే ఉన్నది చిన్నమ్మా, ఏం కాదు, గిదే ఏసుకుంట" అన్నది. ఆ మాట ఇన్నంక నాకు నిజంగ భయమైంది. మంచిగుంటే పిల్ల ఎగిరి దుంకేటిది. "ఏం కాదు" అనేది కాదు.

లచ్చవ్వ ఏం అనుకున్నదో, బియ్యంల రాళ్లేరనీకి పెట్టుకునే అద్దాలు కొంగుల నుంచి తీసి నా చేతుల పెట్టింది. "కోపం చేయకు బిడ్డా, ఇవి పెట్టుకొని చూడు."

పెట్టుకున్న.

అయ్యో దేవుడా! రెండు పుంజులు! నెత్తి మీద ఎర్ర జుట్టు, గదువ కింద ఎర్ర పూస, పొట్టి మెడ, కొట్లాటకు దిగినట్టు రెండు ఎదురుబొదురు! పందెం పెట్టుడే తక్వ! గంతే గాదు, యాడ కుట్టు తప్పిందో, యాడ దారం ముడి పైకి లేసిందో, అన్ని పురుగుల్లెక్క కనపడుతున్నయ్. ఇన్ని దినాలు ఇదా నేను కుట్టింది? ముందుగల ఏడుపొచ్చింది. మళ్ల ఒకపారి పుంజుల దిక్కు చూసిన, పక్కున నవ్విన. ఇంక ఇల్లంత నవ్వుడే! చివరికి అనూష గూడ. మా బావ బయటికెల్లి లోపలికొచ్చి మరీ నవ్విండు.

ఆ రోజే ఊరికొచ్చి అద్దాల దుకాణంకు పోయిన. అక్కడ కండ్లు చూసే మేడం అన్ని చూసి అన్నది, "దూరం మంచిగనే ఉన్నది. దగ్గరి చూపు తగ్గింది. నలభై దాటినంక అందరికి ఉండేదే. ఇన్ని రోజులు ఎట్ల కుట్టినవమ్మా?"

"తలకాయనే పనిచేస్తలేదు మేడం. డిజైన్లు తోస్తలేవు."

"పొద్దుందాక సూది కొన యాడున్నదో దేవులాడుడే సరిపోతుంది గదా నీకు. ఇంక డిజైన్ ఎప్పుడు ఆలోచిస్తవ్?"

గా మాట నాకు సూది లెక్కనే గుచ్చుకున్నది. దిష్టి లేదు, సరుకు ఒడుసుడు లేదు. ఉన్న ఓపికంత కండ్లే తినేస్తున్నయి!

అద్దాలు పెట్టుకొని మగ్గం ముందు కూసున్న. ఎర్రరాళ్లు ఇప్పిన. మెడ సాగదీసిన. తోకల కండ్లు ఒక్కొక్కటి కుట్టిన. కుట్టుకుంట పోతుంటే, తోక వీపు మీదనే ఎందుకు ఆగాలె, భుజం మీదికెల్లి చేతుల దాకా దింపితే ఎట్లుంటదని తోచింది. ఎన్ని నెలలైంది నాకట్ల తోచక! సూది పక్కకు పెట్టి పెన్సిల్ అందుకున్న. కండ్లెంబడి నీళ్లొచ్చినయ్ గానీ, గవి వేరే నీళ్లు. అనూషకు ఫోటో పంపిస్తే ఫోన్ల కేక పెట్టింది. గప్పుడు నాకు పానం నిమ్మళమైంది.

కథ గాడనే ఒడిసిపోతే నేను రేణుకనెట్లయిత?

పెండ్లినాడు అద్దాలు తీయనే తీయలే. మళ్ల ఏం తప్పు జేస్తనో అని భయం. జర స్టైల్ గూడ ఉన్నది తియ్యుండ్రి. ముహూర్తం టైముకు అందరు అక్షింతలు పట్టుకొని నిలబడ్డరు. నాకు స్టేజి మీద అంత మసక మసకగ ఉన్నది. ఏడుపుతోని గట్ల కనపడుతున్నదేమో అనుకున్న. మెరూన్ రంగు ఒకటి కనపడింది, గదే మా పిల్ల అనుకొని గుప్పెడు అక్షింతలు కొట్టిన. "పిల్లా పాపలతోని చల్లగుండు బిడ్డా!" ఇంకో గుప్పెడు. పిల్ల పక్కకు జరిగింది. నేను గూడ జరిగి కొట్టిన. ఇంత పొడుగు ఎప్పుడైందో అని జర అనుమానం అయితే వచ్చింది.

మా ఆయన చెయ్యి పట్టుకున్నడు. "అద్దాలు తియ్యె."

"ఎందుకు?"

"గవి దగ్గరికి పెట్టుకునేటియి. తీసి చూడు."

తీసిన. పెండ్లి పిల్ల పీటల మీద కూసొని ఉన్నది. మెరూన్ కుర్తా ఏసుకున్న ఫోటోగ్రాఫర్, నెత్తి నిండ పసుపు బియ్యంతోని, కెమెరా తిరగేసి దులుపుకుంట నా దిక్కే చూస్తున్నడు.

నిన్ననే పెండ్లి ఆల్బం వచ్చింది. నెమళ్లు మంచిగ పడ్డయ్, లచ్చవ్వ పడ్డది, ఎవరో తెలవనోళ్లు గూడ పడ్డరు. గంత పెద్ద ఆల్బంల నాది ఒక్కటంటే ఒక్కటే ఫోటో. గా ఒక్కదాంట్ల గూడ కండ్లు మూసుకొని ఉన్న.