కాజాల సాక్ష్యం

నా చేతి కాజాను కళ్లు మూసుకుని తడిమినా గుర్తుపడతానని చెప్పుకునేదాన్ని. బాన్సువాడలో మా ఆయన చొక్కాలు కుడతాడు. గుండీలు పట్టే చీలికల చుట్టూ దారం అల్లే పని నాది. మెషీన్ కాజాలు వచ్చాక కూడా నా చేతి పనే కావాలని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆ పొగరు నాకు కాస్త ఎక్కువే ఉండేది.

మా గల్లీలో బీడీలు చుట్టే ఒకావిడ ఉంది. ఆమెకు ఒక్కడే కొడుకు. వర్ని దారిలో చెరకు తోట పక్కన అతన్ని ఎవరో కొట్టి చంపారు. నాలుగు రోజులకు కాలువ గట్టు మీద పొదలో నెత్తుటి మరకలున్న నీలం గళ్ల చొక్కా దొరికింది. కాలర్ లోపల మా దుకాణం పట్టీ ఉంది.

ఆ గుడ్డతో మేము కుట్టినవి రెండే చొక్కాలు. ఇద్దరు దోస్తులు ఒక పెళ్లికని ఒకే తానులోంచి చింపించుకున్నారు. కొలతలూ ఇంచుమించు ఒకటే. ఒకదానికి కాజాలు నేను కుట్టాను, రెండోదానికి నా చెల్లెలు కుట్టింది. నేను కుట్టింది చనిపోయిన అబ్బాయితో గొడవపడ్డ కుర్రాడిది. అతను తన చొక్కా బస్సులో పోయిందన్నాడు. అతని దోస్తేమో తనది ఎప్పుడో ఎవరికో ఇచ్చేశానన్నాడు. కాబట్టి కాజాలు ఎవరి చేతివో తేలితే చొక్కా ఎవరిదో తేలుతుంది.

"అక్కా, జర మంచిగ చూసి చెప్పు" అన్నాడు ఎస్సై, ఠాణాలో ఆ చొక్కాను నా ముందు పరిచి.

"చూసుడేంది సార్, గిది నా చెయ్యే" అన్నాను. కూర్చోమన్న కుర్చీలో కూర్చోకుండానే అన్నాను. కాజాల్లో ఇరుక్కున్న మట్టిని సూదితో తీసెయ్యాలనిపించింది. అంత బుద్ధిలేని ఆలోచన ఆ సమయంలో ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. నా మాట మీద ఆ కుర్రాణ్ని జైల్లో పెట్టారు.

కేసు కోర్టుకు వచ్చేసరికి ఏళ్లు గడిచాయి. లోపలికి వెళ్లేముందు ప్రభుత్వ వకీలు నన్ను పక్కకు పిలిచాడు. "వాడే చేసి ఉంటడని అనిపిస్తే చాలదమ్మా. బుద్ధి ఉన్నోనికి వచ్చే అనుమానం ఒక్కటి మిగిలినా శిక్ష వెయ్యరు. గట్టిగ చెప్పు" అన్నాడు. వాయిదా తప్పకుండా వచ్చే చనిపోయిన అబ్బాయి తల్లి అప్పటికే లోపల బల్ల మీద కూర్చుని ఉంది.

కుర్రాడి వకీలు నన్ను గట్టిగా కూడా అడగలేదు. "మీ చెల్లెకు ఈ పని ఎవలు నేర్పిండ్రు?"

"నేనే సార్."

"ఆమె కుట్టినదాన్ని ఎన్నడన్నా నీదే అనుకున్నవా?"

లేదంటే అయిపోయేది. కానీ ఒక పండుగ రద్దీలో ఆమె కుట్టిన లాల్చీని నాదేనని ఆమెతోనే వాదించాను. లోపల వేసిన దారం రంగు చూపించి నా నోరు మూయించింది. నిజమే చెబుతానని ప్రమాణం చేసి నిలబడ్డాను కదా. "ఒక్కసారి పొరవడ్డ సార్" అన్నాను.

చొక్కాను మళ్లీ నా చేతికిచ్చారు. ఏళ్ల తరబడి మూటలో ఉండి దారం నూగు లేచింది. "నాదే అనుకుంటున్న" అన్నాను.

"అనుకుంటున్నవా, ఎరుకనా?"

"అనుకుంటున్న సార్."

చెల్లెలూ తేల్చి చెప్పలేకపోయింది. నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు కాలేదని అతన్ని వదిలేశారు.

నేను అమ్ముడుపోయానని కొందరన్నారు. ఒక ప్రాణం నిలబెట్టావని కొందరు మెచ్చుకున్నారు. ఆ రెండు రకాల వాళ్ల మీదా నాకు ఒళ్లు మండింది. బస్సులో ఇప్పుడు మగవాళ్ల ముఖాలు చూడను, ఛాతీ మీది కాజాలు చూస్తాను. పొద్దున నేనే కుట్టింది మధ్యాహ్నానికి ఎవరో కుట్టినట్టు కనిపిస్తుంది. భయం వేస్తుంది, విప్పి మళ్లీ కుడతాను.

మొన్న ఆ తల్లి దుకాణానికి వచ్చి గడప మీద కూర్చుంది.

"కోర్టుల చెప్పింది ఇన్న బిడ్డా. గది పక్కకు పెట్టు. నాకు చెప్పు, గది నీ చెయ్యేనా?"

"తెల్వది అవ్వా."

ఆమె కోపం చేసుకోలేదు. "వాడు రోజు మన గల్లీలకెళ్లే పోతుండు. నన్ను చూసి నమస్తె పెడ్తుండు. నేను మల్ల నమస్తె పెట్టాల్నా, దుమ్మెత్తి పొయ్యాల్నా? గదొక్కటి చెప్పు" అంది. నేను ఒళ్లోని చొక్కాకు కాజా కుడుతూ ఉండిపోయాను. కాసేపు చూసి లేచి వెళ్లిపోయింది.

మరునాడు ఆ కుర్రాడు మా దుకాణం ముందే ఆమెకు ఎదురుపడి నమస్తే పెట్టాడు. ఆమె చేతులు సగం దాకా లేచి ఆగిపోయాయి. అలాగే నిలబడి, తల తిప్పి నా వైపు చూసింది. నేను సూదికి దారం ఎక్కిస్తున్నట్టు తల దించుకున్నాను. సూదిలో దారం అప్పటికే ఉంది.