మా బాల్కనీలో టాక్స్ రిలీఫ్

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడే చెప్తాను. మొన్న శుక్రవారం నుంచి ఇక్కడ ఒమన్‌లో, అల్ హైల్‌లోని మా ఫ్లాటు బాల్కనీలో ఒక మేకపిల్ల ఉంది. మూడో అంతస్తులో! ఇప్పటికి నా తులసిమొక్క, మా ఆయన బనీను, పక్కింటివాళ్ళు ఆరేసుకున్న దుప్పటి అంచు తినేసింది. దీనికంతటికీ కారణం అమెరికావాళ్ళ టాక్స్ రూల్సు. అవునండీ, ఒట్టు!

సంగతేంటంటే, మేం నలుగురైదుగురు ఆడవాళ్ళం శుక్రవారాలు సొంత కార్లేసుకుని మనవాళ్ళకి చిన్న సాయం చేస్తుంటాం. తోటల్లో, సైట్లలో పనిచేసేవాళ్ళని ఆస్పత్రికో, ఎయిర్‌పోర్టుకో తీసుకెళ్ళి దింపడం. అంతదూరం టాక్సీ అంటే వాళ్ళకి తడిసి మోపెడవుతుంది పాపం. ఈ పని చాలాకాలంగా హాయిగా సాగిపోతోంది. లావణ్య ఫోన్ చెయ్యకపోయుంటే ఇంకా హాయిగా సాగేది.

లావణ్య మా తోడికోడలు. డాలస్‌లో ఉంటుంది. బంగారంలాంటి పిల్ల. కాకపోతే నేనేం చేసినా తను ఒక పిసరు ఎక్కువ చేస్తుంది.

"అక్కా, నేనూ శనివారాలు ఫుడ్ బ్యాంకుకి కారు నడుపుతున్నాను తెలుసా? ఇంటింటికీ సరుకుల డబ్బాలు ఇచ్చొస్తున్నా."

"మంచి పని తల్లీ," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

"పైగా చారిటీకి సొంత కారు నడిపితే మైళ్ళ లెక్కన టాక్స్‌లో తగ్గించుకోవచ్చక్కా. అక్కడ మీకు ఇవ్వరా?"

ఆ 'ఇవ్వరా' ఉంది చూశారూ, 'అయ్యో, మీ ఇంట్లో ఫ్రిజ్ లేదా' అన్నట్టు వినిపించింది నాకు. వెంటనే నోరు జారాను.

"ఎందుకివ్వరూ! ఇక్కడా వస్తోంది!"

మరీ పచ్చి అబద్ధం కాదు లెండి. ఒమన్‌లో జీతాల మీద టాక్స్ లేదు గానీ, ముందుముందు పెద్ద పెద్ద జీతాలవాళ్ళకి వేస్తారని వార్తల్లో వచ్చింది. టాక్స్ వచ్చాక దాని వెనకాలే రిలీఫ్ రాదా ఏంటి! 'పెద్ద పెద్ద జీతాలు' అన్న ముక్క మాత్రం నా బుర్రలోకి ఎక్కలేదు. సోఫాలో కూర్చున్న మా ఆయన గట్టిగా దగ్గాడు. ఆయన దగ్గుల్ని నేనెప్పుడూ పట్టించుకోను.

"అయితే ఇప్పట్నుంచే రికార్డు పెట్టుకో అక్కా. ప్రతి ట్రిప్పుకీ కారు మీటరు ఫోటో తీసుకో. నా కారుకైతే ఫుడ్ బ్యాంకు బోర్డు కూడా ఉంటుంది."

బోర్డు! నాకు బోర్డు లేదే!

మర్నాడే బోర్డులు రాసే షాపుకి పరిగెత్తాను. షాపతను మలయాళీ. కారు తలుపుకి అంటుకునే అయస్కాంతం బోర్డు ఒకటి కావాలన్నాను. మా ఆయన అప్పటికే ఓ భయం పెట్టి ఉన్నాడు, "ఊళ్ళోవాళ్ళని ఎక్కించుకుని తిరుగుతుంటే పోలీసులు దొంగ టాక్సీ అనుకుంటారు, చూసుకో," అని. అందుకని, ఇది సేవ, డబ్బులు తీసుకోం అన్న అర్థం వచ్చేట్టు రాయమన్నాను. "మేడం, ఇత్నా జగా నహీ హై. అరబీ మే బడా కర్కే లిఖ్ దూంగా," అన్నాడు, అంత చోటు లేదు, అరబిక్‌లో పెద్దగా రాసిస్తానని. సాయంత్రానికి ఆకుపచ్చ అక్షరాలతో ధగధగలాడే బోర్డు చేతికిచ్చాడు. ఇన్నేళ్ళయినా నాకు అరబిక్‌లో అంకెలు తప్ప అక్షరం ముక్క రాదు. చూడ్డానికి బాగుంది కదా అని మురిసిపోతూ తెచ్చుకున్నాను. అతను స్థలం చాలక నా వాక్యాన్ని కత్తిరించి కత్తిరించి, చివరికి రెండే మాటలు మిగిల్చాడని తర్వాత తెలిసింది. 'ఉచిత ప్రయాణం'.

శుక్రవారం రుస్తాఖ్ వెళ్ళాను. అక్కడొక తోటలో పనిచేసే మల్లేశ్‌ని ఎయిర్‌పోర్టులో దింపాలి. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. పెళ్ళాం ప్రసవించింది, ఆడపిల్ల. పిల్లని ఉయ్యాల్లో వేసి పేరు పెట్టే వేడుక ఆదివారం. తొట్లె అంటారట వాళ్ళవైపు. పసుపు తాడు కట్టిన పెద్ద అట్టపెట్టె, దాని మీద మార్కరుతో పేరు, ఇస్త్రీ చేసిన కొత్త చొక్కా, మొహమంతా నవ్వు. అతన్ని చూస్తేనే కడుపు నిండిపోయింది నాకు.

"అక్కా, టైముకు వోతం గదా? ఈ ఫ్లైట్ దప్పితే తొట్లెకు అందుకోను."

"నేనున్నాగా, ఆరాంగా కూర్చో," అన్నాను. అలాంటి మాటలు అనకూడదండీ.

దారిలో బర్కా దాకా బ్రహ్మాండంగా వచ్చాం. అక్కడ గుర్తొచ్చింది, మీటరు ఫోటో తియ్యనేలేదని! పెట్రోలు బంకులో ఆపాను. మీటరు తీశాను. బోర్డు పక్కన మల్లేశ్‌ని నిలబెట్టి, "కొంచెం నవ్వు," అని మరొకటి తీశాను. లావణ్యకి పంపాలి కదా! ఇంకొకటి తీద్దామని వంగానో లేదో, వెనక తలుపు తెరుచుకుని, మూసుకుంది.

చూస్తే, వెనక సీట్లో ఒక ఒమానీ ముసలమ్మ! ఒళ్ళో మేకపిల్ల! శుక్రవారం సంతలో కొనుక్కుని వస్తున్నట్టుంది. బోర్డు వైపు వేలు చూపించి, నన్ను "యా బింతీ, యా బింతీ," అంటూ దీవిస్తోంది. అంటే 'ఓ బిడ్డా' అని. ఆ వెనకే సంచులు పట్టుకున్న ఇద్దరు బోర్డు చదువుకుంటూ మావైపే వస్తున్నారు.

మల్లేశ్‌కి తోటలో నేర్చుకున్న అరబిక్ కొంచెం వచ్చు. మాట్లాడి నావైపు తిరిగాడు.

"పుకట్‌కు తీస్కవోతమని రాసుందట గదక్కా. ఊరు గీడనే అంటున్నది."

"నీ ఫ్లైటో?"

"ముసల్ది, ఎండల ఏడ నడుస్తదక్కా? ఇడిసిపెట్టి వోదాం."

తన విమానానికి టైము దగ్గరపడుతుంటే ఆ మాటన్నాడు చూడండి! ఆ ఇద్దరూ వచ్చి ఎక్కేలోపల బండి ముందుకి ఉరికించాను.

ఆమె 'ఇక్కడే' అన్న ఊరు ఖర్జూరం తోటల మధ్య తిరిగి తిరిగితే గానీ రాలేదు. దింపేసి వచ్చేద్దామనుకున్నానా, ఆమె నా కారు తాళాలు లాక్కున్నంత పని చేసింది. గుమ్మం దాకా వచ్చి కాఫీ తాగకుండా వెళ్తారా! ఖర్జూరాలు వచ్చాయి, హల్వా వచ్చింది, కాఫీ వచ్చింది, పళ్ళ పళ్ళెం వచ్చింది. నేను కుర్చీ అంచున కూర్చుని మల్లేశ్‌కి సైగలు చేస్తున్నాను. ఆ మహానుభావుడు 'లేటవుతోంది' అని చెప్పడానికి ఫోన్ తీసి, కూతురి ఫోటో చూపించాడు! ఇంకేముంది, ఆమె ఫోన్ గుండెకి హత్తుకుంది. కళ్ళు తుడుచుకుంది. లేచింది. మేకపిల్లని ఎత్తుకెళ్ళి నా కారు వెనక సీట్లో కూర్చోబెట్టింది.

"ఏంటిది మల్లేశ్?"

"నా బిడ్డెకట అక్కా, కానుక."

"విమానంలో మేకని ఎక్కించరని చెప్పు!"

"చెప్పిన. ఇచ్చింది మల్ల తీస్కోదట. వద్దంటే మనసు నొచ్చుకుంటదక్కా."

బేరమాడే టైము లేదు. మేకతో సహా బయల్దేరాం. దారి పొడుగునా అది అరుస్తూనే ఉంది, మల్లేశ్ అట్టపెట్టె తాడు నములుతూనే ఉంది. మల్లేశ్ మాత్రం మాటిమాటికీ ఫోన్‌లో టైము చూసుకుంటున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. నా ఫోటోల పిచ్చి కాకపోతే ఈపాటికి ఎయిర్‌పోర్టు లోపల కూర్చుని ఉండేవాడు! ఒక తండ్రి కూతురి ఉయ్యాల దగ్గర ఉంటాడా లేదా అన్నది నా బోర్డు మీదికి వచ్చింది.

ఎయిర్‌పోర్టు ముందు ఆపేసరికి మల్లేశ్ పెట్టెతో పరుగు. "ఫోన్ జేస్తక్కా!" అన్న కేక మాత్రం వినిపించింది. వెనకే వెళ్దామంటే మేక! అప్పుడే ఒక పోలీసు అబ్బాయి వచ్చాడు. బోర్డు చదివాడు. వెనక సీట్లోకి చూశాడు. మళ్ళీ బోర్డు చదివాడు.

"మేడం, గోట్ ఆల్సో ఫ్రీ?"

నాకు వచ్చిన ఇంగ్లీషంతా పోయింది. "నో సర్, గిఫ్ట్ సర్, బేబీ సర్," అన్నాను. అతను నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. బోర్డు తీసేయమని సైగ చేసి, వెళ్ళమన్నాడు. నిజంగా మంచివాడు.

పార్కింగులో మేకా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. ఫోన్ మోగదు. మొక్కని దేవుడు లేడు. ఎంతసేపటికో మెసేజీ వచ్చింది, "ఎక్కిన అక్కా. ఆఖరి మనిషిని నేనే." పక్కన ఎవరున్నారని చూసుకోకుండా ఏడ్చేశాను. పక్కన ఉన్నది మేకే కదా, ఏమీ అనుకోలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన తలుపు తీసి, నన్నూ మేకనీ చూసి, అంతా విని, చాలా నెమ్మదిగా చెప్పాడు.

"రిలీఫ్ కావాలంటే ముందు టాక్స్ పడాలి. టాక్స్ పడాలంటే పెద్ద జీతం ఉండాలి. అంత జీతమే నాకుంటే మనం డ్రైవర్నే పెట్టుకునేవాళ్ళం కదే!"

అని వంటింట్లోకెళ్ళి క్యారెట్లు తరిగి దానికి పెట్టాడు. మనిషి బంగారమండీ, దగ్గితే దగ్గాడు గానీ.

ఆదివారం మల్లేశ్ వీడియో కాల్ చేశాడు. పువ్వులు కట్టిన ఉయ్యాల, అందులో గుప్పెడంత పిల్ల, పక్కన అదే ఇస్త్రీ చొక్కాలో మల్లేశ్. ఎంత హాయనిపించిందో! అంతలో వాళ్ళమ్మ ఫోన్ లాక్కుంది.

"బిడ్డా, మా మనుమరాలి మేక ఏది, సూపియ్యి."

బాల్కనీలోకెళ్ళి చూపించాను. ఆవిడ పరీక్షగా చూసి, "బక్కగైనట్టున్నది గదనే. సక్కగ మేపుతున్నవా లేదా?" అని గట్టిగా కేకలేసింది. ఊరంతా వెనక నుంచి తొంగి చూస్తోంది. నేను చేతులు కట్టుకుని, "మేపుతున్నానమ్మా," అన్నాను.

మల్లేశ్ తిరిగొచ్చేదాకా దాన్ని తోటలో ఉంచమని వాళ్ళ అర్బాబ్‌ని, అంటే తోట యజమానిని, బతిమాలుకున్నాను. సరేనన్నాడు. వచ్చే శుక్రవారం మేకపిల్లని సీటు బెల్టు పెట్టి కూర్చోబెట్టుకుని, సొంత కారులో, సొంత పెట్రోలుతో మళ్ళీ రుస్తాఖ్ పోతున్నాను. ఈలోపు లావణ్యకి ఫోన్ చేసి ఒక్కటే కనుక్కోవాలి, ఎక్కింది మేకైతే ఆ మైళ్ళు చారిటీ లెక్కలోకి వస్తాయా రావా అని.