సంగమ్మ కొంగున మూడు ఫ్యూజులు

మా నారాయణఖేడ్‌లో మనుషులకంటే తెలివైన భవనం ఒకటుంది. అది బసవరాజ్ సేఠ్ ఫంక్షన్ హాలు. జనం లోపలికి రాగానే ఏసీలు వాటంతటవే మొదలవుతాయి, జనం వెళ్లిపోగానే దీపాలు ఆరిపోతాయి. కరెంటు పోయి వస్తే ఎవరినీ అడక్కుండా అన్నీ మళ్లీ తిరుగుతాయి. హైదరాబాదు కంపెనీవాళ్లు గోడకు ఒక డబ్బా బిగించి, ఈ మాయంతా సేఠ్ ఫోనులో పెట్టి పోయారు. ఆ రోజునుంచి ఆయన అన్నం తినేటప్పుడు కూడా ఫోను కింద పెట్టడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

సేఠ్‌కే బస్ డిపో అవతల పప్పుమిల్లు కూడా ఉంది. అక్కడ మోటార్లు చూసే మనిషి అహరోను. పుట్టింది సిర్గాపూర్. పద్దెనిమిదేళ్లు పటాన్‌చెరు దగ్గర ఒక రసాయనాల ఫ్యాక్టరీలో కంట్రోల్ రూములో పనిచేసి, ఊపిరి ఆడక తిరిగొచ్చాడు. అక్కడ ఉండగా బాలప్ప అనే తోటి పనివాడి వేళ్లు మిక్సర్‌లో పోవడం కళ్లారా చూశాడు. ఆదివారం చర్చిలో దేవుణ్ణి నమ్ముతాడు. మిగతా ఆరు రోజులు దేన్నీ నమ్మడు, ముఖ్యంగా ఆగి ఉన్న మిషన్ను.

హాలు చూసి మురిసిపోయిన సేఠ్, అదే కంపెనీని, అదే డబ్బాను మిల్లుకూ తెచ్చాడు. అహరోను అడ్డం పడ్డాడు.

"సేఠ్, హాలు పని చుట్టాలను సల్లగ ఉంచుడు. గాడ కరెంటు వస్తే ఫ్యాన్లు వాటంతటవే తిరగాలె. ఈడ గట్ల కాదు. కరెంటు వచ్చినా ఏదీ తిరగొద్దు. మనిషి వచ్చి, కండ్లతోని చూసి, చేత్తోని బటన్ నొక్కినంకనే తిరగాలె."

"రెండింట్ల మోటార్లే గద. ఏం ఫరక్?"

"హాల్ల తప్పయితే పెండ్లికొడుక్కు చెమట వడతది. ఈడ తప్పయితే సంగమ్మ చెయ్యి పోతది."

సేఠ్ నవ్వాడు. ఆయన నవ్వడానికి కారణం ఉంది, సంగమ్మ చెయ్యి ఆయనది కాదు.

మిల్లులో కూలి చేసే సంగమ్మ చెయ్యి ఎందుకు పోతుందంటే, అక్కడ ఒక గొప్ప ఆచారం ఉంది. కందులను పైకెత్తే బకెట్ల బెల్టు కింద పొట్టు, మట్టి గడ్డకట్టి ఇరుక్కుంటాయి. దాన్ని తీయడానికి నడుస్తున్న మిల్లును ఆపమంటే సేఠ్‌కు ప్రాణం పోయినట్టుంటుంది. అందుకని కరెంటు పోయినప్పుడే ఆ పని. కరెంటు పోగానే సంగమ్మ బెల్టు కింద కూర్చుని, మోచేతి దాకా లోపల పెట్టి గీకుతుంది. పాత స్విచ్చులున్నంత కాలం కరెంటు వచ్చినా, అహరోను నొక్కితే తప్ప బెల్టు కదిలేది కాదు. కొత్త డబ్బాకు ఆ మర్యాద తెలియదు, కరెంటు రాగానే తిప్పేస్తుంది.

డబ్బా పెట్టిన రోజే అహరోను తన పద్ధతి మొదలుపెట్టాడు. కరెంటు పోగానే బెల్టు మోటారు ఫ్యూజులు మూడూ పీకి సంగమ్మ చేతికిచ్చేవాడు. ఆమె వాటిని కొంగున ముడేసుకుని పనిలో దిగేది. పని అయ్యాక ముడి విప్పి ఇస్తేనే బెల్టు తిరిగేది.

నాలుగు రోజులకు సేఠ్‌కు తెలిసింది. "ఇంత ఖర్చు వెట్టి ఆటోమేటిక్ తెస్తే, గది సంగమ్మ కొంగు కాడ ఆగాల్నా? ఇంకోపారి ఫ్యూజులు పీకినవంటే పనికి రాకు."

ఇంట్లో రిబ్కమ్మ కూడా భర్తను మెత్తగానే హెచ్చరించింది. "ఈ వయసుల ఇంకో పని ఎవలిస్తరు?" అహరోనుకు భయం వేసింది. నిజంగానే వేసింది. భయపడుతూనే మర్నాడు పనికి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. అహరోను కాసేపు ఫ్యూజుల వైపు చూస్తూ నిలబడ్డాడు, తర్వాత మూడూ పీకాడు. "ముడి గట్టిగ ఎయ్యక్కా," అన్నాడు.

అప్పుడు సేఠ్ హాల్లో కాబోయే వియ్యంకులకు విందు ఇస్తున్నాడు. కరెంటు రాగానే ఏసీలు బుద్ధిగా మొదలయ్యాయి. వియ్యంకులు మెచ్చుకున్నారు. సేఠ్‌కు ఊపొచ్చింది. ఇక్కడి నుంచే మిల్లు నడిపి చూపిస్తానని ఫోను తీసి నొక్కాడు. తెరమీద బెల్టు బొమ్మ కదల్లేదు. మళ్లీ మళ్లీ నొక్కాడు. వియ్యంకులు మర్యాదగా పప్పు వైపు చూశారు. అంత అవమానం మోసుకుని కారులో మిల్లుకు వచ్చాడు.

మిల్లులో బల్బులన్నీ వెలుగుతున్నాయి. బెల్టు కింద సంగమ్మ కూర్చుని ఉంది, కుడిచెయ్యి మోచేతి దాకా లోపలే ఉంది.

"నాలుగుసార్లు నొక్కిన," అని అరిచాడు సేఠ్. "ఎందుకు తిరుగలే?"

సంగమ్మ చెయ్యి బయటికి తీసి, పొట్టు దులుపుకుని, కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. అహరోను గొంతు పెంచలేదు.

"నాలుగుసార్లా సేఠ్? ఆమెకున్నయి రెండే చేతులు."