ఖోర్‌ఫక్కాన్ గాలిలో రెండు కయాక్‌లు

గురువారం సాయంత్రం డ్యూటీ దిగుతుండగా ఖాజా భాయ్ ఫోన్ చేశాడు.

"సిస్టరమ్మా, ఎల్లుండి ఖోర్‌ఫక్కాన్ పోదాం. నీకు ఆఫ్ ఉందేమో చూడు. మళ్లీ నాకు కుదరదు."

ఎందుకు కుదరదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. 2023 జనవరి నెల. ఎండ మెత్తగా ఉండే రోజులు. హమూర్ చేప లోతు వదిలి ఒడ్డు దగ్గరి రాళ్లలోకి వచ్చే కాలమని ఆయనే నాకు నేర్పాడు. అందుకే తొందరపడుతున్నాడనుకున్నాను.

ఖాజా భాయ్‌ది నెల్లూరు. నేను పనిచేసే ఆసుపత్రిలో అంబులెన్స్ డ్రైవరు. మాది నరసాపురం దగ్గర. పద్నాలుగేళ్లుగా ఇక్కడ, ఎమిరేట్స్‌లో నర్సుని. 2020లో ఆయన తెచ్చిన కరోనా పేషెంట్లను వార్డులోకి దించుకున్నది నేనే. ఆ ఏడాది చివరికి నాకు నిద్ర కరువైంది. ఇంటికొచ్చి పడుకున్నా చెవుల్లో మిషన్ల కూతలే. ఒకరోజు ఆయన, "గదిలో కూర్చుంటే అది పోదమ్మా. నీళ్ల మీదికి రా" అని నన్నూ, మా ఆయన డేవిడ్‌నీ తూర్పు తీరంలోని ఖోర్‌ఫక్కాన్‌కి తీసుకెళ్లాడు. డేవిడ్‌కి మొదటి అలకే కడుపులో తిప్పింది. తను మళ్లీ రానన్నాడు. నేను మాత్రం ఆ రాత్రి తెల్లవార్లూ నిద్రపోయాను. అప్పట్నుంచి ఖాజా భాయ్, నేను నెలకోసారి వెళ్తూనే ఉన్నాం.

శనివారం ఉదయం ఐదూ నలభైకి షార్జా అల్ నహ్దాలో మా బిల్డింగ్ కింద టాక్సీ ఎక్కాను. ఖాజా భాయ్ జుబైల్ బస్‌స్టేషన్‌కే నేరుగా వచ్చాడు. భుజాన గాలపు కర్రలు పెట్టుకునే పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం, చేతిలో ఐస్‌పెట్టె. చొక్కా పాత డ్యూటీ చొక్కాయే, జేబు మీది పేరు విప్పేసినది. నీళ్ల మీదికి ఎప్పుడూ అదే వేసుకుంటాడు. టికెట్ మనిషికి ముప్ఫై దిర్హాముల లోపే. కార్డు గీకితే చాలు. బస్సు ఆరూ నలభై ఐదుకి బయల్దేరింది. ఈ దారిన వెళ్లాలనుకునేవారు ఎడమ కిటికీ పట్టుకోండి, ఎండ తగలదు.

మా ముందు సీట్లో జగిత్యాల వైపు మనిషి కూర్చున్నాడు. ఫుజైరాలో సైటు పనికి కొత్తగా వెళ్తున్నాడట. గొట్టం వంక చూసి, "గీ పైపుల ఏమున్నది అన్నా?" అన్నాడు.

"గాలాలు" అన్నాడు ఖాజా భాయ్.

"చేపల కోసం గింత దూరమా? మా క్యాంపు కాడ మార్కెట్ల దొర్కుతయి గద."

కాసేపయ్యాక అతను ఫోన్ చాపి, సూపర్‌వైజరు పంపిన మెసేజ్ ఇంగ్లీషులో ఉందని, ఎక్కడ దిగాలో చదివిపెట్టమన్నాడు. ఖాజా భాయ్ ఫోన్ అందుకుని, ఒక్క క్షణం పట్టుకుని, నా చేతిలో పెట్టాడు. "అద్దాలు మరిచిపోయినా. నువ్వు చూడమ్మా." నేను చదివి చెప్పాను. ఆ సంగతి అక్కడితో మరిచిపోయాను.

కొండల్లో సొరంగాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఆకాశం బూడిదరంగులో ఉంది. గాలిలో దుమ్ము. ఎనిమిదీ యాభైకి ఖోర్‌ఫక్కాన్‌లో దిగి, అక్కడినుంచి టాక్సీలో పది నిమిషాలు ఉత్తరంగా వెళ్లాం. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న చిన్న రేవది. ఆ చుట్టుపక్కల వేట నిషేధించిన చోట్లున్నాయి. లైసెన్సు ముందే తీసుకుని, ఎక్కడ పట్టొచ్చో కనుక్కునే రావాలి.

రేవులో బషీర్ అనే మలయాళీ నడిపే కెఫెటేరియా ఉంది. మా రెండు కయాక్‌లూ అతని వెనక షెడ్డులోనే ఉంటాయి. కయాక్ అంటే ఒక్కరు కాళ్లు చాపి కూర్చుని, ఒకే తెడ్డుతో అటూ ఇటూ వేసుకుంటూ పోయే సన్నటి ప్లాస్టిక్ పడవ. నాది పసుపు, ఆయనది ముదురాకుపచ్చ. అద్దె బదులు బషీర్‌కి పట్టిన చేపలు ఇస్తాం. పరోటా, గుడ్డు తిని చాయ్ తాగాం. ఖాజా భాయ్ చాయ్‌లో రెండు చెంచాల చక్కెర వేయించుకున్నాడు. షుగర్ ఉన్న మనిషి. "ఒక్క రోజుకేం కాదులే" అన్నాడు. ప్రతిసారీ అనే మాటే.

నీళ్లలోకి దిగేముందు మా ఇద్దరికీ కొన్ని అలవాట్లున్నాయి. ఒకసారి నా పటకారు సముద్రంలో పడింది కాబట్టి నేను ప్రతి వస్తువునీ తాడుతో కయాక్‌కి కట్టేస్తాను. కత్తి, తెడ్డు, నీళ్ల సీసా, అన్నీ. ఆయన నన్ను చూసి నవ్వుతాడు. ఆయన అలవాటు వేరే. గాలం ముడులు తానే వేస్తాడు, నావి కూడా. దారాన్ని ఉమ్మితో తడిపి, పళ్లతో బిగించి, బిస్మిల్లా అని వదులుతాడు. నేను వేసిన ముడిని ఏనాడూ నమ్మలేదు. ఆ రోజు మాత్రం గాలాల డబ్బా నా వైపు తోసి, "నువ్వు కట్టు. నాకు చేతులు చల్లబడినయ్" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. రెండేళ్లకు పాసయ్యాననుకున్నాను.

తొమ్మిదీ నలభైకి నీళ్లలోకి దిగాం. నీళ్లలోకి పొడుచుకొచ్చిన రాతి ముక్కు దగ్గర చిన్న లంగర్లు వేసుకుని, ఎరగా స్క్విడ్ ముక్కలు గుచ్చి కిందికి వదిలాం. గంట గడిచినా ఏమీ తగల్లేదు. నీళ్లు సీసం రంగులో, కదలకుండా ఉన్నాయి. పదకొండు దాటాక నా గాలానికి జానెడు హమూర్ పిల్ల పడింది. అంత చిన్నదాన్ని ఉంచుకోకూడదు. తడి చేత్తో పట్టుకుని, కొక్కెం తీసి వదిలేశాను. "చూశారా భాయ్?" అన్నాను. "చూసినా, చూసినా" అన్నాడు. ఆయన ముఖం ఇంకోవైపు ఉంది.

పదకొండున్నరకి గాలి లేచింది. తూర్పు తీరంలో శీతాకాలపు గాలి కొండల మీంచి దిగి, మనల్ని ఒడ్డు నుంచి లోపలికి తోస్తుంది. ఒడ్డు పక్కన నీళ్లు నున్నగానే ఉంటాయి కాబట్టి మోసపోతాం. లంగరు ఎత్తేసి, "భాయ్, వెనక్కి వెళ్లిపోదాం" అని అరిచాను. ఆయనా లంగరు తీశాడు. కయాక్ తిప్పాడు. తిప్పి, గాలిని వీపుకి పెట్టుకుని, బలంగా తెడ్డు వేస్తూ సముద్రంలోకి పోసాగాడు.

ముందు చేప ఏదైనా కనిపించిందేమో అనుకున్నాను. పిలిచాను. గాలికి నా మాట నాకే వెనక్కి వచ్చింది. లైఫ్ జాకెట్‌కున్న ఈల ఊదాను. ఆయన చెయ్యెత్తి, వస్తున్నా అన్నట్టు ఊపి, ఇంకా వేగం పెంచాడు. ఆ చెయ్యి చూశాక ఇది చేప వెంట పోవడం కాదని తెలిసింది. వెంటపడ్డాను. గాలి నన్నూ తోస్తోంది కాబట్టి అందుకోవడానికి పదిహేను నిమిషాలే పట్టింది. వెనక్కి చూస్తే రేవు దుమ్ములో కలిసిపోయి, కొండల నీడ మాత్రం మిగిలింది.

కయాక్‌ని ఆయన కయాక్‌కి ఆనించి పట్టుకుని, "ఎక్కడికి భాయ్?" అన్నాను.

ఆయన తెడ్డుతో ముందుకి చూపించాడు. దూరంగా లంగరు వేసిన ఆయిల్ ఓడ ఉంది, నల్లగా, పొడుగ్గా.

"ఒడ్డే గదా అది? రేవు గోడ."

నేను ఆయన కయాక్ అంచుని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆయనకి అర్థమైంది. తెడ్డు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఓడా?" అన్నాడు.

"ఓడ భాయ్."

"వీపుకి గాలి తగుల్తుంటే, గాలే మళ్లుకుందనుకున్నా" అన్నాడు. "నువ్వు పో సిస్టరమ్మా. పోయి బషీర్‌కి చెప్పు, బోటు పంపిస్తాడు" అన్నాడు.

ఫోన్ తీసి ఎమర్జెన్సీకి చేద్దామనుకున్నాను. ఫోన్ వెనక మూతపెట్టెలో ఉంది. అది తీసి మాట్లాడేలోపు గాలి ఇద్దర్నీ ఇంకా లోపలికి తోసేస్తుంది. ఆయన్ని నా కయాక్ అంచు పట్టుకోమని, లంగరు తాడు కోసి, ఆయన కయాక్ ముక్కుని నా కయాక్ తోకకి కట్టాను. "నేను చెప్పినట్టు వెయ్యండి. ఎడమంటే ఎడమ" అన్నాను. గాలికి ఎదురు తిరిగాం.

అంత కష్టమైన గంట నాకు వార్డులో కూడా గుర్తులేదు. పది తెడ్లు వేస్తే గాలి ఐదు తెడ్ల దూరం వెనక్కి తోసేస్తోంది. ఉప్పునీళ్లు కళ్లలో కొడుతున్నాయి. ఎడమ, కుడి, ఎడమ అంటూనే ఉన్నాను. ఆయన చిన్నపిల్లాడిలా విన్నాడు. మధ్యలో ఆయన గాలపు కర్ర ఒక్కసారిగా వంగి, దారం చుట్టిన చక్రం కీచుమంది. లోపలికి చుట్టడం మరిచిపోయిన గాలం నీళ్లలో ఈడ్చుకొస్తుంటే దానికేదో పెద్దది పడింది. దారం సర్రున పోతోంది. కయాక్ పక్కకి లాగింది.

ఆయన కర్ర మీద చెయ్యి వేసి కదలకుండా కూర్చున్నాడు. "కనద్ చేప సిస్టరమ్మా, మన వంజరం. ఈ పరుగు ఇంక దేనికీ రాదు. ఇంత పెద్దది నా చేతికి తగల్లేదు ఎప్పుడూ" అన్నాడు.

నేను తెడ్డు వేస్తూనే ఉన్నాను. ఆయన ఇంకొక్క నిమిషం ఆ లాగుడుని పట్టుకుని విన్నాడు. తర్వాత వేలితో దారం వెంట తడుముకుంటూ పోయి, కత్తితో కోసేశాడు. "ఎడమా, కుడా? చెప్పు" అన్నాడు.

ఒంటిగంట దాటాక కొండ చాటుకి వచ్చాం. అక్కడ గాలి తగ్గింది. ఒడ్డున మోకాళ్ల లోతులో దిగి ఇద్దరం ఇసకలో కూలబడ్డాం. బషీర్ పరిగెత్తుకొచ్చి, "క్యా హువా భాయ్?" అని అడిగాడు. "కుఛ్ నహీ, హవా థీ" అన్నాడు ఖాజా భాయ్. గాలేలే, ఏం లేదని. బషీర్ చాయ్ తేవడానికి వెళ్లాక అసలు సంగతి చెప్పాడు.

ఆరు నెలల కిందట కుడి కంట్లో నల్లటి దారాలు తేలడం మొదలైందట. తర్వాత తెర దిగినట్టయింది. ఇప్పుడు ఎడమ కన్నూ మసకే. నవంబరులో డ్రైవింగ్ లైసెన్సు కోసం కళ్ల పరీక్షకి వెళ్తే తప్పాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ తప్పాడు. బండి ఇవ్వడం మానేశారు; షిఫ్టులు మారాయని నాతో అన్నది అందుకే. వీసా క్యాన్సిల్ అయిపోయింది. వచ్చే గురువారం నెల్లూరుకి ప్రయాణం.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "నేను నర్సుని భాయ్. మొదటి రోజే డాక్టరు దగ్గర కూర్చోబెట్టేదాన్ని. షుగర్ వల్ల వచ్చే జబ్బిది, అప్పుడే లేజర్ చేయిస్తే ఆగేది."

"నువ్వు నర్సువనే చెప్పలా" అన్నాడాయన. "నలుగురూ నన్ను పేషెంటుని చేస్తారు. నీళ్ల మీద నీకు నేను ఉస్తాద్‌ని. అదొక్కటన్నా ఉండనీ అనుకున్నా."

"ఇవాళ మనిద్దరం పోయేవాళ్లం."

"తెలుసు. నీకు డేవిడ్ ఉండాడు, బిడ్డ ఉంది. అది నేను ఆలోచించలా. తప్పు నాదే."

ఆయన ఏడవలేదు. ఇసకలో చెయ్యి పెట్టి, పిడికిలి పట్టి వదులుతూ కూర్చున్నాడు. ఊళ్లో దిగిన మర్నాడే కంటి ఆసుపత్రికి వెళ్లాలని, షుగర్ అదుపులో పెట్టాలని, పోయిన చూపు తిరిగి రాకపోయినా ఉన్నది నిలబెట్టుకోవచ్చని చెప్పాను. ఏళ్ల తరబడి పేషెంట్లకి చెప్పిన మాటలే. ఆయన ముందు అవి ఎంత చప్పగా ఉన్నాయో అప్పుడు తెలిసింది.

బషీర్ అన్నం, చేప పులుసు పెట్టాడు. డబ్బు తీసుకోలేదు. ఆయన ఊరికి వెళ్లిపోతున్నాడని విని, ఆకుపచ్చ కయాక్ ఏం చేయమంటావని అడిగితే, "నడిపేవాడొస్తే ఇచ్చెయ్" అన్నాడు ఖాజా భాయ్. గాలాల డబ్బా కూడా అక్కడే వదిలేశాడు.

నాలుగుంపావుకి తిరుగు బస్సు. ఈసారి జనం ఎక్కువ. వెనక సీట్లు దొరికాయి. సొరంగం దాటాక ఆయన, "కోపమా సిస్టరమ్మా?" అన్నాడు.

"మీ మీద కాదు."

నా మనసులో ఫోన్ చాపిన జగిత్యాల మనిషి, చేతులు చల్లబడ్డాయన్న మాట, చూసినా చూసినా అన్న మాట ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వార్డులో తలుపు దగ్గర నిలబడ్డ మనిషి నడక చూసి జబ్బు పోల్చుకుంటానని నాకు పేరు. రెండేళ్లు పది అడుగుల దూరంలో కూర్చుని గాలపు కర్ర కొన మాత్రమే చూశాను.

ఇప్పటికి ఎనిమిది నెలలైంది. నెల్లూరులో లేజర్ చేశారు. ఎడమ కన్ను అక్కడికి ఆగింది, ముఖాలు పోల్చుకుంటాడు. కుడి కంటికి వెలుతురు తప్ప తెలియదు. నేను ఖోర్‌ఫక్కాన్ మళ్లీ వెళ్లలేదు. వెళ్లేవారు గాలి ఏ వైపు నుంచి వస్తుందో చూసుకుని దిగండి. పక్క కయాక్‌లో ఉన్నవాళ్ల వైపు కూడా అప్పుడప్పుడు చూడండి. అది మంచి తీరమే. నాకే ఇక మంచిగా గుర్తురాదు.

ఆ రోజు జుబైల్ చేరేసరికి ఆరున్నర. స్టేషన్‌లో దీపాలు వెలిగాయి. ఖాజా భాయ్ బస్సు మెట్లు తడుముకుంటూ దిగి, టాక్సీలు ఎటు అన్నట్టు ఆగిపోయాడు. నేను మోచెయ్యి అందించాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఒకరినొకరం తాకింది లేదు. ఆయన కొంచెంసేపు తటపటాయించి పట్టుకున్నాడు.

"ముందర గట్టుంది భాయ్" అన్నాను.

"ఎంత ఎత్తు?" అన్నాడు.

చెప్పాను. ఇద్దరం ఎక్కాం.